కార్చిచ్చు వెనుక పరుగెత్తిన వార్త

1871వ సంవత్సరము అక్టోబరు 8వ తేది, ఆదివారము రాత్రి, అమెరికా సంయుక్త రాష్ట్రములలో రెండు ఘోరాగ్నులు చెలరేగినవి. మొదటిది చికాగో నగరమును దహించినది. దానిని గూర్చి పత్రికలు పుంఖానుపుంఖముగా వ్రాసినవి, చిత్రకారులు చిత్రములు గీసిరి, దేశదేశముల నుండి విరాళములు వచ్చినవి. రెండవది అదే రాత్రి, చికాగోకు ఉత్తరముగా సుమారు 250 మైళ్ల దూరమున, విస్కాన్సిన్ రాష్ట్రపు అడవుల నడుమ నున్న పెష్టిగో అను రంపపుమిల్లుల పట్టణమును ఒక్క రాత్రిలో బూడిద చేసినది. చికాగోలో మరణించినవారు దాదాపు 300 మంది. పెష్టిగోలోను, దాని చుట్టుపట్లనున్న పల్లెలలోను మరణించినవారు 1,200 మందికి తక్కువ కారనియు, 2,500 వరకు నుండవచ్చుననియు చరిత్రకారులు లెక్కగట్టియున్నారు. లెక్క ఇంతకంటె నిశ్చయముగా తేలకపోవుటకు కారణము, ఊరి పట్టీలు కూడ ఊరితోపాటే కాలిపోవుట. ఆ దేశ చరిత్రలో అంతకంటె ఎక్కువ ప్రాణములను బలిగొన్న కార్చిచ్చు మఱియొకటి లేదు. అయినను చికాగో మంటను గూర్చి, అందును ఆవు లాంతరును తన్నినదను కట్టుకథను గూర్చి విన్నవారు వేలకొలదిగా నుండగా, పెష్టిగో పేరు విన్నవారు అరుదు.

ఇందులకు మహానగరములకు సహజమైన ప్రతిష్ఠ యొక కారణము. అంతకంటె పెద్ద కారణము తంతి తీగె. ఆ యేడు వేసవి నుండి విస్కాన్సిన్ ఉత్తరభాగమున వానలు దాదాపుగా లేవు. రైలుమార్గము వేయుచున్న కూలీలు నఱకిన కొమ్మలను ఎక్కడికక్కడ కాల్చుచుండిరి. క్రొత్తగా వచ్చిన సేద్యగాండ్రు అడవిని చదును చేయుటకు నిప్పు పెట్టుచుండిరి. పట్టణపు వీథులు రంపపు పొట్టుతో మెత్తగా పఱచియుండెను. సెప్టెంబరు మాసమంతయు చిన్నచిన్న మంటలు అడవిలో ప్రాకుచునే యుండెను. సమీపమున నున్న గ్రీన్ బే అఖాతమున పట్టపగలే ఓడలు పొగలో దారి కానక కొమ్ములూదుకొనుచు నడచినవి. అనగా పొగకు కొఱత లేదు. దానిని చూచి చూచి జనులు అలవాటుపడిపోయిరి. పెష్టిగోను బయటి ప్రపంచముతో కలుపు తంతి తీగె ఆ చిన్న మంటలలోనే తెగిపోయినది. 8వ తేది రాత్రి పెనుగాలి వీచి ఆ మంటలన్నిటిని ఒక్కటి చేసినపుడు, పరుగెత్తగలిగినవారు నదిలో దిగి, తలలపై తడిబట్టలు కప్పుకొని, గంటలకొలది నీటిలో నిలిచి బ్రతికిరి. వారిలో నొకడైన పీటర్ పెర్నిన్ అను ఫ్రెంచి మతగురువు 1874లో తన యనుభవమును పుస్తకముగా ప్రకటించెను. వార్త రాష్ట్ర రాజధానియైన మాడిసన్ నగరమునకు చేరునప్పటికి 10వ తేది వచ్చినది. అప్పటికే గవర్నరు లూషియస్ ఫెయిర్‌చైల్డు చికాగో బాధితుల సహాయమునకై వెడలిపోయి యుండెను. ఇంటనున్న అతని భార్య ఫ్రాన్సెస్, 24 ఏండ్ల యువతి, తంతివార్త చదివి, చికాగోకు పోవుటకు సిద్ధముగా నున్న సామగ్రి రైలుపెట్టెను ఆపించి, దానిని పెష్టిగో వైపు మరలించి పంపెను. ఆమెకట్టి యధికారమును ఏ శాసనమును ఈయలేదు. వార్త ఎవరి చేతికి అందినదో వారే ఆ దినమున గవర్నరు.

అడవిమంటల చరిత్రను వ్రాయువారు సాధారణముగా మంటలను ఆర్పిన వీరుల కథనే వ్రాయుదురు. ఆర్పుటకు ముందు చేయవలసిన పనులు రెండు గలవు: మంటను చూచుట, చూచినదానిని మంట దారిలో నున్నవారికి చెప్పుట. ఈ 150 ఏండ్ల కథను తిరుగవేసి చూచినచో, మొదటి పని తరతరమునకు ఆశ్చర్యకరముగా వృద్ధి పొందుచు వచ్చినదనియు, రెండవది ఎల్లపుడును దాని వెనుక కుంటుచునే నడచినదనియు నాకు తోచుచున్నది. ఖాండవదహన కథ నెఱుగని తెలుగువాడుండడు; నన్నయ యాదిపర్వమున ఆ ఘట్టమును చదువునపుడు అందఱి దృష్టియు గాండీవముపైననే నిలుచును గాని, అందు జరిత యను శార్ఙ్గకపక్షి కథ మంటల విషయమున అంతకంటె లోతైనది. ఱెక్కలు రాని నాలుగు పిల్లలతో గూటనున్న ఆ తల్లికి మంట వచ్చుచున్నదని తెలిసినది. ఎలుక కన్నములో దూరుడని ఆమె చెప్పగా, కన్నములో ఎలుక నోట పడుట నిశ్చయము, మంట యన్ననో గాలి మళ్లినచో తప్పిపోవచ్చును, నీవు ఎగిరిపొమ్మని పిల్లలు వాదించినవి. పోవలెనా, నిలువవలెనా, ఎవరి మాట నమ్మవలెను అను ఆ చర్చ ప్రతి వేసవియందును ఏదో యొక యడవి యంచున, ఏదో యొక యింటిలో జరుగుచునే యుండును. జరితకు కన్న మున్నది, గాలి యున్నది, మంట యెంత దూరమున నున్నదో కూడ కనబడుచున్నది. పెష్టిగోవారికి అంతమాత్రమును లేకపోయెను.

మన దేశమున అడవిమంట ప్రభుత్వమునకు పట్టిన విషయమగుట 1860 దశకమున మొదలైనది. అంతకుముందు వేసవిలో అడవి కాలుట ఋతుధర్మముగానే ఎంచబడెడిది. పశువుల కాపరులు లేతగడ్డి కొఱకు కాల్చెడివారు. పోడు కొట్టువారు విత్తుటకు ముందు కాల్చెడివారు. ఇప్పపూవు ఏరువారు చెట్టుక్రింది ఎండుటాకులను కాల్చి నేల శుభ్రము చేసికొనెడివారు. బాటసారులు మృగభయమునకు కాల్చెడివారు. 1864లో భారత ప్రభుత్వపు తొలి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరలుగా నియమితుడైన డీట్రిష్ బ్రాండిస్ జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు. అంతకుముందు బర్మాలోని పెగూ టేకు అడవుల పాలన చూచినవాడు. ఈ దేశపు అడవులలో మంటలను ఆపుట మనుష్యసాధ్యము కాదని పెక్కురు అధికారులే నమ్మియున్న ఆ కాలమున, మధ్యపరగణాలలో పియర్సన్ అను అటవీ అధికారి సాత్పురా పర్వతములలోని బోరీ యడవిని ఎంచుకొని, వేసవికి ముందే దాని చుట్టును బాటలుగా గడ్డి కోయించి, కోసిన గడ్డిని అక్కడనే కాల్పించి, ఆ బాటల వెంబడి కావలివాండ్రను నిలిపి, మంట లోనికి రాకుండ కాపాడి చూపెను. ఆ బాటలే ఫైర్ లైనులు. నేటికిని ఎండలు ముదురక మునుపే నల్లమలలో ఫారెస్టువారు చేయించు పని మౌలికముగా పియర్సన్ నాడు చేయించిన పనియే. కొడవలి చోట యంత్రమును, కాగడా చోట మఱియొక పనిముట్టును వచ్చియుండవచ్చును.

ఈ విధానమునకు లోపల నొక పగులు మొదటి నుండియు గలదు. మంటను చూచువాడు సర్కారువాడు. మంటను పెట్టువాడని అతడు అనుమానించునది అడవిలో పుట్టి పెరిగినవానిని. అందుచేత చెప్పుట యనునది నేరమును గూర్చిన ఫిర్యాదుగా మాఱినది. 1927 నాటి భారత అటవీ చట్టము అడవిలో హక్కులనుభవించు ప్రతివాడును అటవీ నేరములను గూర్చి తనకు తెలిసిన సమాచారమును సమీపపు ఫారెస్టు అధికారికి గాని పోలీసుకు గాని ఆలస్యము లేక తెలుపవలెననియు, తనకు తెలిసిన మంటను ఎవరు పిలిచినను పిలువకున్నను తానే ఆర్పబూనవలెననియు విధించినది. తప్పినవానికి ఖైదో జుల్మానాయో గలదు. గ్రామస్థుడు అధికారికి చెప్పవలసిన బాధ్యత ఇంత స్పష్టముగా నున్నది గాని, అధికారి గ్రామస్థునికి చెప్పవలసిన బాధ్యతను గూర్చి ఆ నిబంధనలో ఒక్క మాటయైనను లేదు. ఇట్టి ఏకముఖ సంభాషణ ఎట్లు ముగియునో ఆ చట్టమునకు ముందే కుమావూఁ కొండలలో వెల్లడియైనది. అక్కడ పైన్ జాతి యగు చీడ్ వృక్షముల అడవులను రిజర్వు చేసి, మేతను కట్టెలను నిర్బంధించిన పిమ్మట, 1921 వేసవిలో ప్రజలు అడవులకు నిప్పు పెట్టిరి. ఆర్పుటకు రమ్మని పిలిచిన అధికారులకు మనుష్యులు దొరకలేదు. పిదప ప్రభుత్వము విచారణసంఘమును నియమించి, పెక్కు నిర్బంధములను సడలింపవలసి వచ్చినది. బర్మాలో పాఠము వేఱు విధముగా నేర్చుకొనిరి: మంట రాకుండ ఏండ్ల తరబడి కాపాడిన తేమగల అడవులలో వెదురును పొదలును దట్టమై టేకు మొలకలు పైకి రాకపోవుటను చూచి, అటవీశాస్త్రజ్ఞులు ఇరువదవ శతాబ్దపు తొలి దశకముననే అచ్చటి అగ్నిరక్షణను చాలవరకు విడిచిరి.

బ్రాండిస్ పదవీవిరమణానంతరము స్వస్థలమైన బాన్ నగరమున నివసించుచుండగా, 1889లో గిఫర్డ్ పిన్‌షో అను అమెరికా యువకుడు అటవీశాస్త్రము నేర్చుకొనగోరి అతని నాశ్రయించెను. బ్రాండిస్ వానిని ఫ్రాన్సులోని నాన్సీ అటవీ పాఠశాలకు పంపి, తరువాతను ఐరోపా అడవులను చూపించుచు గురువై నిలిచెను. 1905లో ఏర్పడిన అమెరికా ఫారెస్టు సర్వీసుకు ఆ శిష్యుడే తొలి యధిపతి. పెగూలోను సాత్పురాలోను రూపుదిద్దుకొన్న పాలనాదృష్టి బాన్ నగరపు వృద్ధుని ముఖమున రాకీ పర్వతములకు చేరినదన్న సంగతి మన పాఠ్యగ్రంథములకు ఎక్కలేదు; ఎక్కదగినది.

పిన్‌షో పదవి నుండి తొలగింపబడిన 1910వ సంవత్సరముననే అతని సంస్థకు మొదటి మహాపరీక్ష వచ్చినది. ఆ యేడు ఐడహో, మోంటానా రాష్ట్రముల పర్వతారణ్యములలో వసంతకాలపు వానలు ముఖము చాటువేసినవి. రైలుయంత్రముల నిప్పురవ్వలవలనను, పిడుగులవలనను పుట్టిన మంటలు ఆగస్టు నాటికి వందలకొలది యయ్యెను. ఆగస్టు 20, 21 తేదులలో వీచిన ప్రచండవాయువు వానిని కలిపి, రెండు దినములలో దాదాపు 30 లక్షల యెకరముల యడవిని దగ్ధము చేసినది. కనీసము 85 మంది మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు మంటలను ఆర్పబోయిన కూలీలే. వాలెస్ అను గనులపట్టణమునకు సమీపమున ఎడ్ పులాస్కి అను రేంజరు తన వెంటనున్న నలువదిమందికి పైబడిన మనుష్యులను పాతగని సొరంగములోనికి తోలి, బయటికి పరుగెత్తబోయినవారిని పిస్తోలు చూపి ఆపి, ముఖద్వారమున తడికంబళ్లు వ్రేలాడగట్టి, తాను కాలుచు వారిలో అత్యధికులను బ్రతికించెను. ఒక వైపు గొడ్డలియు మఱియొక వైపు గుద్దలియు గల పనిముట్టు ఇప్పటికిని ఆ దేశమున అతని పేరనే పిలువబడుచున్నది.

ఆ దహనము నుండి ఫారెస్టు సర్వీసు నేర్చుకొన్న పాఠము సూక్ష్మమైనది కాదు: మంటను పుట్టిన గడియలోనే చూడవలెను. మరుసటి యేడు, 1911లో, వీక్స్ చట్టము వచ్చి, అగ్నిరక్షణకు రాష్ట్రములతో కలిసి కేంద్రప్రభుత్వము వ్యయము చేయుటకు మార్గమేర్పడినది. పర్వతశిఖరములపై కావలిగృహములు వరుసగా లేచినవి. మన జొన్నచేలలో మంచెపై కూర్చుండు రైతు చేయు పనియే ఇదియును. భేదమేమన, ఈ మంచెపైవాని చేత వడిసెల లేదు, చేనికి గట్టు లేదు. అంతకుముందే ఇట్టి ప్రయత్నములు చెదురుమదురుగా జరిగియుండెను. 1902లో ఐడహోలోని బెర్తా హిల్ అను గుట్టపై మేబెల్ గ్రే అను వంటమనిషి చెట్టుకు నిచ్చెన వేసి పైకెక్కి పొగ కొఱకు పరికించి, కనబడినపుడు గుఱ్ఱమెక్కి పోయి కూలీలకు చెప్పెడిది. వంట, కావలి, వార్తాహరణము మూడును ఒక్కరి పనియే.

కావలిగృహమునకు కన్ను ఇచ్చినవాడు విలియం బుష్నెల్ ఆస్‌బోర్న్ అను అటవీ ఉద్యోగి. 1911 ప్రాంతమున అతడు కల్పించి, తరువాతి యేండ్లలో మెఱుగుపెట్టిన యంత్రము చూచుటకు చాల సామాన్యమైనది. గుండ్రని బల్లపై ఆ ప్రాంతపు పటము అతికియుండును. పటము నడిబిందువు కావలిగృహమున్న చోటు. అంచున డిగ్రీలు చెక్కిన లోహపు చక్రము. చక్రమున ఒక వైపు సన్నని రంధ్రము, దాని కెదుట నిలువుగా బిగించిన గుఱ్ఱపువెండ్రుక. రంధ్రమునకు కన్ను ఆనించి, వెండ్రుక పొగ మొదలుపై నిలుచువఱకు చక్రమును త్రిప్పినచో డిగ్రీ తెలియును. ఒక శిఖరము నుండి తెలియునది దిక్కు మాత్రమే. రెండవ శిఖరము నుండి మఱియొకరు అదే పొగను చూచి తమ డిగ్రీ చెప్పినచో, క్రింది కార్యాలయములోని పటముపై రెండు దారములు కలిసిన చోట మంట యుండును. ఇచట చూచుటయు చెప్పుటయు విడదీయరానివైనవి; ఒంటరి కావలివాడు అర్ధాంధుడు. ఈ చరిత్రలో చెప్పుట చూచుటతో సరిసమానముగా నడచిన కాలము ఏదైన నున్నచో ఇదియే యని నా యభిప్రాయము.

ఆ చెప్పుటకు సాధనము టెలిఫోను. శిఖరము నుండి లోయలోని రేంజరు ఠాణా వఱకు ఒంటితీగె, చెట్టు నుండి చెట్టునకు వదులుగా వ్రేలాడవేయబడి, భూమినే రెండవ తీగెగా చేసికొని నడచెడిది. చెట్టు కూలి మీద పడినను తెగక సాగవలెనని ఆ వదులు. పిడుగుల గాలివానలో కావలివాడు ఆ తీగెను విడదీసి, కాళ్లకు గాజుబుడ్లు తొడిగిన ముక్కాలిపీటపై నిలువవలెను. ఏలయన అత్యున్నత శిఖరముపై నున్న ఆ గదియే పిడుగునకు మొదటి గుఱి. పిడుగులు ఎక్కడ పడుచున్నవో లెక్కించుట అత్యవసరమైన ఆ గడియలోనే నోరు కట్టివేయబడుట ఈ వృత్తిలోని విచిత్రము. వాన వెలిసిన తరువాత లోయల నుండి లేచు మంచుతెరలకును పొగకును భేదము తెలిసికొనుట ఇంకొక విద్య. ఆ మంచుతెరలను కావలివాండ్రు నీటికుక్కలని పిలిచెడివారు. గొఱ్ఱెలమంద లేపిన దుమ్ము, పుప్పొడి, అస్తమయపు కిరణము, ఇవన్నియు క్రొత్తవానిని మోసగించును.

1913లో కాలిఫోర్నియాలోని క్లామత్ అడవిలో ఎడ్డీ గల్చ్ అను శిఖరపు కావలికి హాలీ డాగెట్ అను యువతి దరఖాస్తు పెట్టినపుడు, ఆడుది ఒంటరిగా 6,400 అడుగులపై నిలువగలదాయని సందేహించినవారు పెక్కురు. ఫారెస్టు సర్వీసు నియమించిన తొలి స్త్రీ కావలిదారు ఆమెయే. వారమువారము ఆమె సోదరి సరకులను కొండపైకి చేర్చెడిది. మొదటి వేసవిలో ఆమె సుమారు 40 మంటలను గూర్చి టెలిఫోనులో తెలియజేయగా, అవియన్నియు కలిసి కాల్చిన నేల 5 యెకరములకు మించలేదు. సందేహించినవారు పిమ్మటి సంవత్సరములలో ఏమనిరో గాని, ఆమె మాత్రము దాదాపు 15 వేసవులు ఆ కొండ దిగలేదు. ఈ వృత్తికి తరువాత కవులును తగులుకొనిరి; నవలాకారుడు జాక్ కెరువాక్ 1956 వేసవిలో డెసొలేషన్ పీక్‌పై కావలి కాచెను. సాహిత్యలోకము కావలిగృహమును ఏకాంతముగానే తలచును. నిజమునకు టెలిఫోను తీగె లేని కావలిగృహము కేవలము ఎత్తైన గుడిసె.

ఆర్థికమాంద్యపు దశకమున నిరుద్యోగ యువకులతో ఏర్పడిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ 1933 నుండి 1942 వఱకు వేలకొలది కావలిగృహములను, వానికి దారులను, తీగెలను నిర్మించినది. కన్నులు పెరిగిన కొలదియు గర్వము పెరిగినది: 1935లో ఫారెస్టు సర్వీసు, కనబడిన ప్రతి మంటను మరునాటి ఉదయము 10 గంటలకు అదుపు చేయవలెనను నియమమును విధించినది. బర్మాలో టేకు మొలకలు చెప్పిన పాఠము అమెరికాకు అప్పటికి చేరలేదు. మంట ముట్టని అడవులలో ఎండుకట్టె దశాబ్దముల తరబడి పేరుకొనినది. సైనిక విమానములు 1919 నుండియే కాలిఫోర్నియా అడవులపై తిరుగుచుండెను. ఆకాశమున నున్న సైనికునికి వందమైళ్లు కనబడును గాని నేలపైవానికి చెప్పుటకు రేడియో లేక, చిన్న గాలిగొడుగులకు (పారాచూట్లకు) చీటీలు కట్టి విడుచుటయు, పావురములను పంపుటయు జరిగినది. గగనవిహారము నేర్చిన శతాబ్దము మరల కపోతముల నాశ్రయించిన ఈ దృశ్యము నాకు నవ్వు తెప్పించును. 1949 ఆగస్టు 5న మోంటానాలోని మాన్ గల్చ్ లోయలో గాలిగొడుగులతో దిగిన అగ్నిదళమునకు కలిగిన గతి మాత్రము నవ్వదగినది కాదు: వారితో దింపిన రేడియో గొడుగు విచ్చుకొనక నేలబడి పగిలినది, రెండు గంటలలోపలనే మంట ఎండుగడ్డి వాలుపై వారిని తరుముకొని వచ్చినది, 13 మంది మరణించిరి. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందరి గడ్డికి తానే నిప్పుపెట్టి, కాలిన బూడిదలో పండుకొని బ్రతికెను. రమ్మని అతడు కేకవేసినను, నిప్పులోనికి రమ్మనుచున్న ఆ మాటను ఆ క్షణమున ఎవరును గ్రహింపలేకపోయిరి.

విమానములును, పిదప ఉపగ్రహములును వచ్చిన తరువాత మంచెలు చాలవరకు ఖాళీయైనవి. 1999లో ఎగసిన టెర్రా, 2002లో ఎగసిన ఆక్వా ఉపగ్రహములలోని మోడిస్ పరికరము, 2011లో ఎగసిన సుయోమీ ఉపగ్రహములోని వీర్స్ పరికరము, నేల వెలువరించు ఉష్ణకిరణములను కొలిచి, పరిసరములకంటె అసాధారణముగా వేడెక్కిన చుక్కలను గుర్తించును. మోడిస్ చుక్క ఒక కిలోమీటరు ప్రమాణము గలది, వీర్స్ చుక్క 375 మీటర్లది. భారతదేశముపై నుండి పోవునపుడు ఈ దత్తాంశమును అందుకొను స్థానము మన తెలుగునేలపైననే, హైదరాబాదునకు దక్షిణమున షాద్‌నగర్‌లో నున్నది. అక్కడి జాతీయ దూరసంవేదన కేంద్రమువారు గుర్తించిన చుక్కలు డెహ్రాడూనులోని ఫారెస్ట్ సర్వేకు చేరి, అక్కడ అటవీ సరిహద్దుల పటముతో సరిచూడబడి, రాష్ట్రముల ఫారెస్టువారి ఫోనులకు ఎస్సెమ్మెస్సులుగా పోవును. చుక్కలను రాష్ట్రములకు తెలుపు ఏర్పాటు 2004లో మొదలైనది. పెగూ, బోరీ నాటి కావలివాడు కలలోనైన ఊహింపని చూపిది. అయినను దానికి పరిమితులు గలవు: ఉపగ్రహము దినమునకు కొన్నిమార్లే వచ్చును, మబ్బు కమ్మినచో కానదు, అది పోయిన మరునిమిషమున పుట్టిన మంట మరల వచ్చువఱకు దానికి లేనట్లే.

ఇంత చూపు గలిగిన కాలమున చెప్పుట ఏ స్థితిలో నున్నది? 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణమునకు తూర్పుగా ఉదయము 6:30 ప్రాంతమున పుట్టిన మంటను అగ్నిమాపకులు వెంటనే చూచిరి, రేడియోలో చెప్పిరి. 8 గంటలకే పట్టణము అంటుకొనినది. ఊరిని పేటలుగా విభజించి, వరుసగా ఖాళీ చేయించుటకు ముందే వ్రాసిపెట్టుకొన్న ప్రణాళిక యుండెను. హెచ్చరికలు పేరు నమోదు చేసికొన్నవారికే పోవునట్టివి, ఆ పోయినవియు అనేకులకు అందలేదు. సెల్‌ఫోను స్తంభములు కూడ కాలినవి. 85 మంది మరణించిరి. 2025 జనవరి 7 సాయంకాలము ఆరు దాటిన తరువాత లాస్ ఏంజలస్ కౌంటీలోని ఈటన్ లోయలో మంట పుట్టినపుడు, ఆల్టడీనా పట్టణపు తూర్పు భాగమునకు ఆజ్ఞ ఆ రాత్రియే వచ్చినది గాని, పడమటి భాగమునకు వచ్చునప్పటికి మరునాటి వేకువ మూడు దాటినది. ప్రాణములు కోల్పోయినవారిలో దాదాపు అందఱును ఆ పడమటి వీథులవారే. పెష్టిగోలో తీగె తెగినది. ఇచ్చట తీగె యవసరమే లేదు, ఆకాశమంతయు సందేశములతో నిండియున్నది.

ఈ లోపమును పూరించుటకు సామాన్యులే ముందుకు వచ్చిరి. అగ్నిమాపకుల రేడియో సంభాషణలను ఇంటినుండి ఆలకించి, కొండలపై బిగించిన కెమెరాలను పరికించి, ఉపగ్రహపు చుక్కలను సరిచూచి, తమ భాషలో క్లుప్తముగా వ్రాసి అందఱికిని పంపు ఔత్సాహికులు కాలిఫోర్నియాలో పెక్కురు గలరు. 2021లో సోనోమా ప్రాంతమున ఆరంభమైన వాచ్ డ్యూటీ అను సంస్థ అట్టి వారిని కూర్చి ఫోనులో పనిచేయు ఒక సాధనముగా రూపొందించినది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఈ విద్య క్రమముగా పట్టుబడినది. 2020 సెప్టెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు ఊళ్లపై పట్టపగలు ఆకాశము నారింజవర్ణమై, మధ్యాహ్నమునకే దీపములు వెలిగింపవలసి వచ్చినది. నాటి నుండి ఆ ప్రాంతపు ఇండ్లలో గాలిలోని ధూళి యంకెను చూచుట వేసవి దినచర్యలో చేరినది. పారితోషికము లేని ఆ శ్రోతలను చూచినపుడు నాకు గుఱ్ఱమెక్కిన మేబెల్ గ్రేయే జ్ఞప్తికి వచ్చును. చూచిన మనిషియే చెప్పుట, చెప్పవలసినవారి యూరు ఏదో ఎఱిగి చెప్పుట.

మన యడవులలో కథ ఇంకొక తీరుగ నడచుచున్నది. 2014 మార్చిలో శేషాచలపు మంటలు తిరుమల సమీపమునకు వచ్చినపుడు వైమానిక దళపు హెలికాప్టర్లు నీటిసంచులతో ఎగురవలసి వచ్చినది గాని, అది అరుదు. సాధారణముగా నల్లమలలో మంట యనగా ఆకురాలిన నేలపై మోకాలెత్తున ప్రాకు మంట. బోదగడ్డి యున్నచోట మాత్రము మనిషిని మించి లేచును. డెహ్రాడూను నుండి బీటు అధికారి ఫోనునకు వచ్చినది అక్షాంశ రేఖాంశములు; ఆ ఫోను మ్రోగుటకు సిగ్నలు లేని చోట్లు ఆ యడవిలో పెక్కు గలవు. అందుచేత బేస్ క్యాంపులలోని వైర్‌లెస్ సెట్టులే ఇప్పటికిని అక్కడ ముఖ్యము. ఆ క్యాంపులలో కాలుదారులు తెలిసిన చెంచు ట్రాకర్లు ఉందురు. మంట చుట్టును ఆకు ఊడ్చి, పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పునది వారే. ఫైర్ లైనులు కాల్చు దినములలో చుక్క కనబడినదన్న సందేశము వచ్చినపుడు, అది శాఖవారు తామే కాల్చిన బాటయా, మేకల కాపరి పెట్టినదా, తునికాకు కొఱకు పెట్టినదా, అడవి యంచు చేనిలో కొయ్యకాలు కాల్చినదా అను ప్రశ్నకు ఉపగ్రహము నుండి జవాబు రాదు. సెట్టులో క్యాంపును పిలిచి, ఆ చెంచు పెంట (గూడెము) పేరు చెప్పి, అక్కడివారిని అడుగవలసినదే.